శ్రుతి పెట్టుకోని బొట్టు

రష్మి డిష్‌వాషర్‌లోంచి గ్లాసులు ఒక్కొక్కటే తీసి, పొడిగుడ్డతో తుడిచి, అలమరలో బోర్లిస్తోంది. నిజానికి తుడవనక్కర్లేదు, అవి ఎప్పుడో ఆరిపోయాయి. కౌంటర్‌కి ఇవతల ఎత్తు స్టూల్ మీద కూర్చున్న జ్ఞానప్రసూన ఆమె మొహం చూడటం మానేసి చేతులనే చూస్తోంది. ఏడో గ్లాసు దగ్గర తను శ్రుతి పేరెత్తింది. ఆ గ్లాసుని రష్మి రెండుసార్లు తుడిచింది.

"శ్రుతి మీ ఇంటికి ఆఖరిసారి ఎప్పుడొచ్చింది రష్మీ?"

"ఏమోనండీ. వారంలో మూడు రోజులు మా ఆయన కార్‌లోనే ఆఫీస్‌కి వెళ్తుంది, మా ఆయన కార్‌లోనే తిరిగొస్తుంది. మళ్లీ ఇంటికి కూడా ఎందుకు రావడం?"

"కార్‌పూల్ ఎవరి ఐడియా?"

"ఆయనదే. పెట్రోల్ ఖర్చు కలిసొస్తుందన్నారు." ఎనిమిదో గ్లాసు. "నేనెక్కడికైనా దింపమంటే మాత్రం ఆ కార్‌లో చోటుండదు."

"అక్టోబర్ పదిహేను, బుధవారం మధ్యాహ్నం మీరెక్కడున్నారు?"

"ఎడిసన్‌లో సీమంతం షూట్. ఒంటిగంట నుంచి ఆరింటిదాకా. కావాలంటే వాళ్ల నంబర్ ఇస్తాను."

తడుముకోకుండా చెప్పింది. నిజమే అయివుంటుంది అనుకుంటూ ప్రసూన పుస్తకంలో రాసుకుంది.

ప్రసూనకి నలభై ఎనిమిదేళ్లు. పద్నాలుగేళ్లపాటు ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో సొట్టలు పడ్డ కార్ల ఫోటోలు చూసింది. ఏ సొట్ట నిజంగా పడింది, ఏ సొట్టని కంప్యూటర్‌లో తెచ్చి అతికించారు అని తేల్చడమే ఆమె ఉద్యోగం. తరువాత డిటెక్టివ్ లైసెన్స్ తీసుకుని న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో ఒక్క గది ఆఫీసు పెట్టుకుంది. పోయిన వారం ఆ గదికి శ్రుతి వచ్చి కూర్చుని, ఫోన్ తీసి ఒక ఫోటో చూపించింది.

డెలవేర్ నది ఒడ్డున చిన్న హోటల్. చెక్క వసారా. రష్మి భర్త నిశాంత్ నిలబడి ఉన్నాడు. అతని భుజానికి తల ఆనించి శ్రుతి నవ్వుతోంది. కింద 'అక్టోబర్ 15, మధ్యాహ్నం 3:20' అని ఎవరో రాశారు. అక్టోబర్ ఇరవై ఆరున అది తెలియని నంబర్ నుంచి శ్రుతి భర్త శ్రీవత్సకి వచ్చింది. అతను భార్యని ఒక్కటే అడిగాడట. "నా పక్కన నిలబడి ఎప్పుడైనా ఇలా నవ్వావా?" ఆమె జవాబు వెతుక్కునేలోపే మర్నాడు లాయర్ దగ్గరికి వెళ్లాడు.

అదే బుధవారం మధ్యాహ్నం వాళ్ల ఆరేళ్ల కూతురు నిధికి స్కూల్లో జ్వరం వచ్చింది. స్కూల్ వాళ్లు శ్రుతికి నాలుగుసార్లు ఫోన్ చేశారు, ఎత్తలేదు. తలనొప్పిగా ఉంటే నిశాంత్ రెండింటికి ఇంటి దగ్గర దింపాడనీ, మాత్ర వేసుకుని పడుకున్నాననీ శ్రుతి చెబుతోంది. సాక్ష్యం లేదు. శ్రీవత్సకి డాలస్‌లో ఉద్యోగం వచ్చింది, నిధిని తనతో తీసుకెళ్తానంటున్నాడు. ఎల్లుండి గురువారం పొద్దున తొమ్మిదిన్నరకి ఫ్యామిలీ కోర్ట్. బిడ్డకి జ్వరమొచ్చిన వేళకి తల్లి నది ఒడ్డున నవ్వుతోందని ఆ ఫోటో చెబుతుంది. ఫోటో నిజమేనని చెప్పడానికి శ్రీవత్స తరఫున ఒక రిపోర్ట్ కూడా సిద్ధంగా ఉంది.

ఆ రిపోర్ట్ రాసినవాడే ఇప్పుడు డోర్‌బెల్ కొట్టాడు.

హాల్లో కూర్చుని చీర కుచ్చిళ్లు ఇస్త్రీ చేస్తున్న రేణు లేచి తలుపు తీసింది. రష్మి ఫోటో షూట్లకి వచ్చేవాళ్లకి చీరలు కట్టి, మేకప్ చేసేది రేణు. పక్క కాంప్లెక్స్‌లో ఉంటుంది. భర్త ఫణి దేశానికి ఆ చివర బాతెల్‌లో ప్రాజెక్ట్ మీద ఉండి నెలకోసారి వస్తాడు.

"ఓ, మేడమ్ కూడా ఉన్నారా," అన్నాడు రాకేష్ బూట్లు విప్పుతూ. "నిశాంత్‌గారి స్టేట్‌మెంట్ కోసం వచ్చాను. మీరింకా ఫోటోలు కళ్లతోనే చూస్తున్నారా?"

"కళ్లు ఊరికే వచ్చాయి రాకేష్. నెలనెలా సబ్‌స్క్రిప్షన్ కట్టక్కర్లేదు."

రేణు నవ్వు ఆపుకుంటూ ఇస్త్రీపెట్టె దగ్గరికి వెళ్లింది.

రాకేష్ మూడేళ్లు ప్రసూన బల్ల దగ్గరే కూర్చుని పని నేర్చుకున్న కుర్రవాడు. ఇవాళ ప్రిన్‌స్టన్‌లో గాజు తలుపున్న ఆఫీసు. తనకి పని ఇచ్చే లాయర్లలో ఇద్దరు ఇప్పుడు అతని దగ్గరికి వెళ్తున్నారు. పోయిన శుక్రవారం ఆ తలుపు మీద బంగారు రంగులో రాసిన అతని పేరు చూడ్డానికే ప్రసూన ఆ దారిన వెళ్లి, కారు నెమ్మది చేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. గుండెలో ముల్లులా ఉన్నదాన్ని ఏమంటారో ఆమెకి తెలియకపోలేదు.

నిశాంత్ మేడ మీంచి దిగాడు. మెడలో హెడ్‌సెట్ వేలాడుతోంది, మంగళవారాలు ఇంటినుంచే పని.

"నాకు నాలుగింటికి కాల్ ఉందండీ. ఆ ఫోటో మొత్తం ఫేక్. ఆ హోటల్ ఎక్కడుందో కూడా నాకు తెలీదు. అదే రాసుకోండి, సంతకం పెడతాను."

"మొత్తం ఫేక్ కాదండీ," అంది ప్రసూన. ఫోటో ప్రింటు తీసి కౌంటర్ మీద పరిచింది. "మీ నీడ చూడండి. వసారా కమ్మీల మీద పడి, మూడో కమ్మీ దగ్గర వంగి, నేల మీదికి దిగింది. కుర్చీ నీడ కూడా అక్కడే, అలాగే వంగింది. ఇది ఎవరో గీసిన నీడ కాదు. మీరు అక్కడ నిలబడ్డారు."

నిశాంత్ ప్రింటు వైపు చూడలేదు. రష్మి గ్లాసు కింద పెట్టింది.

రాకేష్ నవ్వాడు. "మేడమ్, నేను రాసిందీ అదే. బ్యాడ్జ్ రికార్డ్ తెప్పించాను. ఈయన ఒకటీ పదిహేనుకి ఆఫీస్‌లోంచి బయటపడ్డారు, మళ్లీ లోపలికి రాలేదు. రెండింటికి శ్రుతిని ఇంటి దగ్గర దింపాననడం ఈయన మాట. అక్కడినుంచి హోటల్‌కి నలభై నిమిషాలు. మూడూ ఇరవైకి ఇద్దరూ వసారాలో ఉండొచ్చు. అంటే మీరు నాతో ఏకీభవించినట్టే."

"ఈయన ఉన్నాడు. శ్రుతి లేదు."

"ఒకే ఫోటోలో ఒకరుండి, ఒకరు లేకపోవడమేంటి?"

"ఒకే ఫోటో అని ఎవరన్నారు? ఆమె కళ్లలోకి చూశావా, పెద్దది చేసి?"

"పెద్దది చేస్తే గళ్లు తప్ప ఏం కనబడవు మేడమ్."

"నీకు కనబడవు. లాయర్ నీకిచ్చింది స్క్రీన్‌షాట్. శ్రీవత్స ఫోటో చూపించిన సాయంత్రమే శ్రుతి అతని ఫోన్‌లోంచి అసలు ఫైల్ తనకి పంపుకుంది. నువ్వు అడగలేదు. నీ సాఫ్ట్‌వేర్‌కి స్క్రీన్‌షాట్ ఇస్తే, అందులో మార్పులు దొరకలేదంది. దొరకలేదన్న మాటని లేవు అని మార్చి రాసింది నువ్వు."

రాకేష్ చెవులు ఎర్రబడ్డాయి. "మీరు నా మీద కోపంతో మాట్లాడుతున్నారు."

"కొంత అదీ ఉంది," అంది ప్రసూన. "అయినా కళ్లు చూడు."

ఆమె రెండో ప్రింటు పరిచింది. శ్రుతి కళ్లు మాత్రమే, అరచేతంత పెద్దవి. నల్లగుడ్డు మధ్య సన్నటి తెల్లని గుండ్రం, చేతిగాజులాగ.

"ఆరుబయట నిలబడితే కంట్లో ఆకాశం పడుతుంది, చెట్లు పడతాయి. గాజులాంటి వెలుగు పడాలంటే మొహానికి ఎదురుగా చక్రంలాంటి రింగ్ లైట్ ఉండాలి. ఈ మొహాన్ని గదిలో తీశారు."

"రింగ్ లైట్ లేని ఇల్లేది మేడమ్ ఇప్పుడు? రీల్స్ చేసే ప్రతి పిల్ల దగ్గరా ఉంది."

"అందుకే ఇంకా ఎవరి పేరూ అనలేదు." ప్రసూన స్టూల్ దిగింది. "రష్మీ, మీ స్టూడియో ఒకసారి చూడొచ్చా?"

"కిందంతా చిందరవందరగా ఉందండీ."

"పొద్దునే సర్దేశాను కదా అక్కా," అంది రేణు హాల్లోంచి. "రండి ఆంటీ, లైట్ వేస్తాను."

రష్మి ఆ అమ్మాయి వైపు చూసిన చూపు ప్రసూన కంటపడింది.

బేస్‌మెంట్ మెట్లు పదమూడు. కింద ఒక మూల రింగ్ లైట్, గోడకి చుట్టిపెట్టిన తెరలు, బల్ల మీద రెండు మానిటర్లు. బయటి నేలకి సమంగా పైన రెండు చిన్న కిటికీలు, వాటిలోంచి పచ్చిక అంచు కనబడుతోంది. గోడ మీద ఫ్రేములు కట్టిన ఫోటోలు పన్నెండు. సీమంతాలు, పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, పుట్టినరోజులు. ప్రసూన చేతిసంచీలోంచి భూతద్దం తీసి మొదటి ఫ్రేము దగ్గర మొదలుపెట్టింది. తొందరపడలేదు. వెనకనించి రాకేష్ నిట్టూర్చాడు. నిశాంత్ హెడ్‌సెట్ వైరు వేలికి చుట్టుకుంటూ ఆఖరి మెట్టు మీదే ఆగిపోయాడు.

తొమ్మిదో ఫ్రేములో నిధిని ఒళ్లో కూర్చోబెట్టుకున్న శ్రుతి ఉంది. పుట్టినరోజు ఫోటో. ప్రసూన అక్కడ మిగతావాటికంటే ఎక్కువసేపు నిలబడింది.

"అందరూ చక్కగా బొట్టు పెట్టుకునే వస్తారా ఇక్కడికి?" అడిగింది, ఎవరినీ చూడకుండా.

రేణు నవ్వింది. "ఎక్కడండీ. ఆఫీస్‌నించి అటే వస్తారు, సగం మంది మర్చిపోతారు. ఫోటోలు ఇండియా వెళ్తాయా, అత్తగారు ఫోన్ చేసి, అమెరికా వెళ్లేసరికి మొహాన బొట్టు కూడా బరువైందా అంటుంది. ఆ తిట్లు తిరిగి మాకొస్తాయి. అందుకని అక్క అందరికీ పెట్టేస్తుంది. కంప్యూటర్‌లో ఒక బొట్టుంది, ఎవరు లేకుండా వస్తే వాళ్లకి అదే."

"ఎవరి బొట్టు అది?"

"మొట్టమొదటి షూట్‌లో అక్కదే."

"రేణూ, పైన ఇస్త్రీపెట్టె ఆపావా?" అంది రష్మి.

రేణు మెట్ల వైపు వెళ్లింది. ప్రసూన భూతద్దం రాకేష్ చేతికిచ్చింది.

"ఈ బొట్టు ఎడమ అంచు చూడు, అడుగున."

రాకేష్ వంగాడు. "చిన్న నొక్కు ఉంది."

"పైన?"

"తెల్లటి చుక్క. వెలుగు పడింది."

"మూడో ఫ్రేములో పెళ్లికూతురిది చూడు. ఆరులో ఆవిడది. తరవాత ఇది." ప్రసూన మూడో ప్రింటు తీసింది. హోటల్ వసారాలోని శ్రుతి నుదురు, పెద్దది చేసినది.

అతను ఒక్కో ఫ్రేము దగ్గరికీ వెళ్లి, తిరిగొచ్చి, ప్రింటు మీద వంగాడు. నొక్కు అక్కడే ఉంది. చుక్క అక్కడే ఉంది. అతను మళ్లీ మూడో ఫ్రేము దగ్గరికి వెళ్లాడు, అవసరం లేకపోయినా.

"శ్రుతి రెండేళ్లుగా బొట్టు పెట్టుకోవడం లేదు," అంది ప్రసూన. "బొట్టుబిళ్ల జిగురు పడక నుదురు మీద తెల్ల మచ్చ వస్తోందని డాక్టర్ వద్దన్నాడు. శ్రీవత్సకి తెలుసు. ఆ ఫోటో అతను వందసార్లు చూసుంటాడు. నవ్వు ఎవరికోసం అన్నది తప్ప అతనికింకేమీ కనబడలేదు."

రష్మి కుర్చీ లాక్కుని మానిటర్ల ముందు కూర్చుంది. చేతిలో గ్లాసులు తుడిచిన గుడ్డ ఇంకా ఉంది.

"ఆ మొహం పూర్తిచేశాక ఏదో వెలితిగా అనిపించింది," అంది మెల్లిగా. "చెయ్యి దానంతటదే వెళ్లి పెట్టేసింది. ఏడేళ్ల అలవాటు. పంపేముందు ఇరవైసార్లు చూసుకున్నాను. తప్పు కనబడలేదు. బొట్టుంటే తప్పని నాకెలా తోస్తుంది?"

"నువ్వా?" అన్నాడు నిశాంత్.

"మీరు మాట్లాడకండి."

"రష్మీ, అసలు నీకు—"

"మాట్లాడొద్దన్నానా?"

ఆమె ఫోల్డర్ తెరిచి ఒక ఫైల్ నొక్కింది. మానిటర్ మీద అదే వసారా, అదే నీడ, అదే నిశాంత్. పక్కన ఒక స్త్రీ. ఫోటో తీసే క్షణానికి నది వైపు తల తిప్పేసింది. జుట్టు, మెరూన్ శాలువా కప్పుకున్న భుజం తప్ప మొహం కనబడదు.

"దారిన పోయేవాళ్లెవరికో ఫోనిచ్చి తీయించుకున్నారు," అంది రష్మి. "ఈయన ఫోన్‌లో డిలీట్ చేశారు. మా పాత టాబ్లెట్‌లోకి ఫోటోలు వాటంతటవే వస్తాయని మర్చిపోయారు. ఫైల్ మీద టైముంది. మూడూ ఇరవై. నేను ఎడిసన్‌లో ఎవరో అమ్మాయికి గాజులు తొడుగుతుంటే ఫోటో తీస్తున్నాను, ఆ టైముకి. అంతా నిజమే. నేను ఈవిడ తల ఇటు తిప్పాను, అంతే."

"తిప్పి శ్రుతి మొహం పెట్టావు," అంది ప్రసూన. 'మీరు' అనడం ఎప్పుడు మానేసిందో ఆమెకే తెలీదు.

"వీపు చూపిస్తే ఎవరు నమ్ముతారండీ? మొహం కావాలి. నా దగ్గర మొహం ఉంది." రష్మి గుడ్డని మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. "వారానికి మూడు రోజులు, రోజుకి గంటన్నర ఒకే కార్‌లో. ఇంటికొచ్చాక శ్రుతి ఇలా అంది, శ్రుతి అలా అంది, శ్రుతికి ప్రమోషన్. ఒక్కపూట నా పేరు ఈయన నోట వింటానేమో అని భోజనం దగ్గర కూర్చునేదాన్ని. శ్రీవత్సకి కోపమొస్తే పెళ్లాన్ని తీసుకుని డాలస్ వెళ్లిపోతాడు, పీడా పోతుందనుకున్నాను. ఆవిణ్ణి ఇక్కడ వదిలేసి పాపని తీసుకెళ్తానంటాడని నాకేం తెలుసు?"

ఈ మాటలు వింటున్నప్పుడు ప్రసూనకి కోపం రాలేదు. ఏడో గ్లాసు దగ్గరే ఆమె ఈ మనిషిని పట్టుకుంది. పట్టుకోగలిగింది పద్నాలుగేళ్ల అనుభవంతో కాదు. ఎవరిదో పేరు వినగానే చెయ్యి ఎలా బిగుసుకుంటుందో తనకి తన చేతివల్లే తెలుసు.

"ఆ రెండు ఫైళ్లూ నాకివ్వమ్మా," అంది. "నువ్వు తయారుచేసిందీ, అసలుదీ. ఎల్లుండి తొమ్మిదిన్నరలోపు జడ్జి ముందుండాలి. వస్తావా, వచ్చి చెప్తావా?"

"చెప్తే నా పేరు పేపర్ల మీదకెక్కుతుంది."

"ఎక్కుతుంది."

"ఎవరూ నన్ను షూట్‌కి పిలవరు."

"పిలవకపోవచ్చు. చెప్పకపోతే నిధి డాలస్ వెళ్తుంది."

రష్మి చాలాసేపు తొమ్మిదో ఫ్రేమునే చూసింది. తరువాత డ్రాయర్‌లోంచి పెన్‌డ్రైవ్ తీసి కంప్యూటర్‌కి పెట్టింది. కాపీ అవుతున్న గీత మెల్లిగా నిండుతోంది.

"లాయర్‌కి ఇప్పుడే ఫోన్ చేస్తాను," అన్నాడు రాకేష్. "రిపోర్ట్ వెనక్కి తీసుకుంటున్నానని మెయిల్ కూడా పెడతాను." గొంతు తగ్గించాడు. "బొట్టు సంగతి నాకు ఈ జన్మకి తట్టేది కాదు మేడమ్. మీ బల్ల దగ్గర కూర్చున్నప్పుడూ అంతే. మీకు కనబడేవి నాకు కనబడేవి కావు. కుళ్లుకుని చచ్చేవాణ్ణి. ఆ సాఫ్ట్‌వేర్ కొన్నది కూడా అందుకే."

ఈ మాట వినాలని ప్రసూన రెండేళ్లుగా కాచుక్కూర్చుంది. తీరా విన్నాక పెద్దగా ఏమీ అనిపించలేదు. మానిటర్ మీది స్త్రీ ఆమెని వదలడం లేదు. శ్రుతి బయటపడింది, సరే. వసారాలో తల తిప్పుకున్న మనిషి మాత్రం ఇంకా అలాగే తల తిప్పుకుని ఉంది.

"రష్మీ, మొహం లేదు కదా. శ్రుతే అని నీకెలా అనిపించింది?"

"శాలువా. ఆగస్టులో వరలక్ష్మీ వ్రతానికి మా ఇంట్లో రిటర్న్ గిఫ్ట్‌గా ఇచ్చినవే. అంచు మీద ఆ కుట్టు చూడండి. శ్రుతి మెరూన్‌ది కప్పుకుని ఆఫీస్‌కి వెళ్లడం నా కళ్లతో చూశాను."

"ఎన్ని శాలువాలు ఇచ్చావు?"

రష్మి మళ్లీ మానిటర్ వైపు చూసింది. "పద్నాలుగు."

"అన్నీ ఒకటే రంగా?"

"కాదు. ఆకుపచ్చవి, నీలంవి..."

"మెరూన్‌వి ఎన్ని?"

"రెండో మూడో. నేను పీటల మీద కూర్చున్నాను, ఎవరికి ఏ రంగు వెళ్లిందో చూడలేదు. కొని తెచ్చిందీ, పంచిందీ రేణూయే. లిస్ట్ కూడా తన దగ్గరే..." రష్మి మెట్ల వైపు తిరిగింది. "రేణూ, ఆ వ్రతం లిస్ట్ ఒకసారి—"

రేణు పైకి వెళ్లలేదు. మెట్ల మధ్యలో, గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో. ఆమె మానిటర్ వైపు చూస్తోంది, రష్మి వైపు కాదు. నిశాంత్ ఆఖరి మెట్టు మీదినుంచి పక్కకి జరిగాడు. ఆమెకి దారి ఇవ్వడానికో, ఆమెకి దూరంగా ఉండటానికో.

"రేణూ," అంది రష్మి మళ్లీ. ఈసారి పిలిచినట్టు లేదు, అడిగినట్టుంది.

రేణు వెనక్కి తిరిగి మెట్లెక్కింది. పరుగెత్తలేదు. పైన చెక్క నేల మీద నాలుగు అడుగులు, తలుపు గడియ, తలుపు మూసుకున్న చప్పుడు. ఒక నిమిషానికి బేస్‌మెంట్ కిటికీలో పచ్చిక మీద రెండు కాళ్లు కనబడ్డాయి. నవంబర్ చలిలో మేజోళ్లు లేకుండా చెప్పులు. రష్మి ఆ కాళ్లవైపు చూడలేదు. వాటి వెంటే కదులుతున్న భర్త కళ్లని చూసింది. కాళ్లు ఎక్కడా ఆగకుండా మొదటి కిటికీ దాటాయి, రెండో కిటికీ దాటాయి, పార్కింగ్ వైపు వెళ్లిపోయాయి.